రెప్ప కొడితే తేటపడే చూపు: లేసు అల్లే ఒకావిడ కేసు

ఆమె వయసు 44. నరసాపురం చుట్టుపక్కల పల్లె. పదిహేనేళ్లప్పుడు మేనత్త దగ్గర క్రోషే సూది పట్టుకున్నది, మళ్లీ వదల్లేదు. భర్త రొయ్యల చెరువు మీద కాపలా. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చారు. అందులో మూడు కళ్లజోళ్లు, మెదడు ఎమ్మారై ఫిల్ము, రెండు కళ్ల రెటీనా ఫొటోలు, షుగరు, థైరాయిడ్ రిపోర్టులు. అన్నీ నార్మల్. ఎమ్మారై కోసం చిన్న గొలుసు తాకట్టు పెట్టారు.

"ఒక్కోసారి బాగానే కనబడుద్దండి మేడంగారూ. ఒక్కోసారి సూది మొన, పక్కనున్న కన్నం కలిసిపోతాయండి. రిపోర్టులన్నీ బాగున్నాయంటారు. మరి నాకెందుకు కనబడదండి?"

గోడ మీది చార్టు చదివించాం. రెండు కళ్లకూ 6/6, అంటే పూర్తి చూపు. పాత కేసు షీటు తీయించాను. ఎనిమిది నెలల క్రితం ఆమె నా ఓపీకే వచ్చారు. అప్పుడూ 6/6. కింద నా చేతిరాత: "చూపు నార్మల్. ధైర్యం చెప్పి పంపాను." ఒక చుక్కల మందు రాసి, రెండు నిమిషాల్లో పంపించేశాను. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ రోజు నేను అడగని ప్రశ్న ఒకటుంది. అది అడిగి ఉంటే ఆ గొలుసు తాకట్టుకు వెళ్లేది కాదు.

రెప్ప మీద గడ్డ

కథ మొదలైంది కుడి పైరెప్ప మీద వచ్చిన గడ్డతో. శనగగింజంత. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఇంట్లో 'వేడి చేసింది' అన్నారు. గంధం అరగదీసి రాశారు, సబ్జా నీళ్లు తాగించారు, ఎవరో చెప్పారని వెల్లుల్లి రెబ్బ రుద్దితే రెప్ప చర్మం కమిలింది. కంటికురుపు అయితే నొప్పి పుడుతుంది, చీము పడుతుంది, వారం పది రోజుల్లో పగిలి మానుతుంది. ఇది అది కాదు. రెప్పలోని కొవ్వు గ్రంథి మూసుకుపోయి, లోపలి జిడ్డు బయటికి రాలేక గడ్డ కట్టడం. మేం కలేజియన్ అంటాం.

మూడు నెలలు అలాగే ఉంది. రెండో నెలలో చూపు మసకగా ఉందని కళ్లజోడు చేయించుకున్నారు. ఆ తర్వాత వేరే ఆసుపత్రిలో రెప్ప తిరగేసి, లోపలి వైపు నుంచి కోసి గీకారు. ఐదు నెలలకు సరిగ్గా అదే చోట మళ్లీ వచ్చింది. మళ్లీ కోశారు. గడ్డ పోయింది. చూపు మాత్రం అప్పటినుంచి నిలకడగా లేదు. రెండో కళ్లజోడు, మూడో కళ్లజోడు, రెటీనా, మెదడు, చివరికి "మీకేం లేదమ్మా, మనసులో దిగులు పెట్టుకున్నారు" అన్న మాట. ఆ మాట చెబుతున్నప్పుడే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తిరిగిన ఆ కాసేపు చూపు బాగుందని కూడా ఆమే అన్నారు. అక్కడ ఆగాను.

"మసక వచ్చినప్పుడు ఏం చేస్తే పోద్దమ్మా?"

"నాలుగుసార్లు రెప్ప కొడితే పోద్దండి. కాసేపు బాగుంటాది. మళ్లీ వచ్చేత్తాది."

నేను ఎనిమిది నెలల ముందు అడగాల్సింది ఇదే. రెప్ప కొడితే తేటపడే మసక శుక్లానిది కాదు, రెటీనాది కాదు, మెదడుది కాదు. కంటి ముందున్న కన్నీటి పొరది. ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలిసి కంటి వైద్యంలో లేదు.

అలాగని ఆ ఒక్క జవాబుతో మిగతావి వదిలేయకూడదు. వచ్చీ పోయే మసకలో కొన్ని ప్రమాదకరమైనవి ఉన్నాయి. కంటికి తెర పడ్డట్టు ఒక్కసారిగా చీకటై కొన్ని నిమిషాల్లో తిరిగొస్తే అది రక్తనాళానికి సంబంధించినది. పక్షవాతానికి ముందు హెచ్చరిక కావచ్చు, ఆ రోజే చూపించుకోవాలి. దీపాల చుట్టూ రంగుల వలయాలు, కనుబొమ్మ పోటుతో మసక వస్తే నీటికాసుల్లో (గ్లకోమా) ఒక రకాన్ని అనుమానించాలి. సాయంత్రానికి రెప్ప వాలి, ఒకటి రెండుగా కనిపిస్తే మయస్థీనియా, అంటే కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు. షుగరు పైకీ కిందికీ ఊగితే కంటిలోని కటకం ఉబ్బి అద్దాల పవరే మారుతుంది, కానీ అది రోజుల లెక్కన జరిగే మార్పు, రెప్పపాటు లెక్కన కాదు. ఒక్కొక్కటీ అడిగాను, చూశాను. నిమిషం పాటు పైకి చూడమంటే రెప్ప వాలలేదు. కంటిలో నీరు బయటికి పోయే కోణం విశాలంగా ఉంది, కంటి ఒత్తిడి 14, నార్మలే. మూడు నెలల సగటు షుగరు 5.6, అదీ నార్మలే.

ఇంకొకటి మరీ ముఖ్యం. ఒకే చోట మళ్లీ మళ్లీ వచ్చే కలేజియన్‌ను కలేజియన్ అని నమ్మేయకూడదు. అదే గ్రంథిలో పుట్టే సెబేషియస్ కార్సినోమా అనే క్యాన్సరు అచ్చం అలాగే కనబడుతుంది. రెప్ప క్యాన్సర్లలో దాని వాటా పాశ్చాత్య దేశాల కంటే మన దేశంలో ఎక్కువ. రెండోసారి గీకినప్పుడు తీసిన ముక్క ల్యాబుకు వెళ్లలేదు. పంపించి ఉండాల్సింది. రెప్ప తిరగేసి చూశాను. గట్టిదనం లేదు, వెంట్రుకలు రాలిన చోటు లేదు, లోపల సన్నటి తెల్లటి మచ్చ మాత్రమే ఉంది. మూడోసారి వస్తే ముక్క ల్యాబుకు వెళ్లాల్సిందేనని షీటు మీద ఎర్ర సిరాతో రాశాను, ఆమెకూ చెప్పాను.

పొర ఎంత పలచనో

కంట్లోకి వచ్చే వెలుగు మొట్టమొదట వంగేది నల్లగుడ్డు మీద కాదు, దాని మీద పరుచుకున్న కన్నీటి పొర మీద. కంటి మొత్తం పవరు సుమారు 60 డయాప్టర్లు. అందులో మూడింట రెండొంతులు ఆ ముందు ఉపరితలానిదే. ఆ పొర మందం దాదాపు 3 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అంత పలచని పొర ఆరిపోకుండా నిలబెట్టేది దాని మీద తేలే నూనె పూత. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉన్న గ్రంథుల్లోంచి వస్తుంది. పైరెప్పలో పాతిక ముప్పై దాకా, కిందిరెప్పలో ఇరవై పైచిలుకు. 1666లో వాటిని వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు హైన్రిక్ మైబోమ్ పేరుతో వాటిని మైబోమియన్ గ్రంథులంటారు. రెప్ప వేసిన ప్రతిసారీ గ్రంథులు కొద్దిగా పిండుకుని కాస్త నూనె విడుస్తాయి. రెప్ప లేచేటప్పుడు దాన్ని కన్నంతా పూస్తుంది. దోసె పెనం మీద నూనె గుడ్డతో తుడిచినట్టు.

ఆమె రెప్ప అంచును వేలితో మెల్లగా నొక్కితే స్లిట్ ల్యాంపులో (కంటిని పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శినిలో) కనిపించింది నూనె కాదు. పేస్టు ట్యూబులోంచి వచ్చినట్టు తెల్లటి పురి. కొన్ని ద్వారాల్లోంచి అదీ రాలేదు. రెప్పను ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీస్తే కుడి పైరెప్ప మధ్య భాగంలో గ్రంథుల గీతలే లేవు. గడ్డ ఉన్నది, రెండుసార్లు గీకినది సరిగ్గా ఆ చోటే. మిగతా గీతలు కురచబడి, వంకర తిరిగి ఉన్నాయి. ఎడమ కన్ను కాస్త నయం, కానీ అదీ బాగా లేదు. అంటే గడ్డ వల్ల ఈ జబ్బు రాలేదు. జబ్బు ముందు నుంచీ నెమ్మదిగా రెండు కళ్లలోనూ నడుస్తోంది, గడ్డ దాని ఒక్క రూపం. గడ్డ తీసేసి అందరం పని అయిపోయిందనుకున్నాం.

రంగు పట్టీ అంటించి నీలి వెలుగులో చూశాను. రెప్ప తెరిచిన ఎన్ని సెకన్లకు పొర చిట్లుతుందో లెక్క పెట్టే పరీక్ష ఇది. పది సెకన్ల లోపే చిట్లితే తక్కువ కిందే లెక్క. ఆమెకు కుడి కన్ను 3, ఎడమ 5. కన్నీళ్లు ఎన్ని ఊరుతున్నాయో కొలిచే షిర్మర్ కాగితం పట్టీ ఐదు నిమిషాల్లో 17 మిల్లీమీటర్లు తడిసింది. నీళ్లకు కొదువ లేదు, నూనెకే కొదువ. అందుకే నేను మొదట రాసిన చుక్కల మందు ఆమెకు పావుగంట కూడా పనిచేయలేదు. నీళ్లున్న చెరువుకు నీళ్లు పోశాను.

అప్పుడు మళ్లీ చార్టు దగ్గర కూర్చోబెట్టాను. ఈసారి రెప్ప వేయకుండా 6/6 వరసను చూస్తూ ఉండమన్నాను. మూడో సెకను దాటగానే "పోయిందండి" అన్నారు. రెప్ప వేశారు. "వచ్చిందండి." మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. గోడ మీది ఈ స్నెల్లెన్ చార్టు 1862 నాటిది, మంచి సాధనం. కాకపోతే రోగి తన చూపులోని ఉత్తమ క్షణాన్ని దాని ముందు పెడతాడు. రెప్ప కొట్టుకుని, కళ్లు చికిలించి, ఆ క్షణంలో అక్షరం చదివేస్తాడు. మేం 6/6 రాసుకుంటాం. లేసు పని ఆ క్షణంతో నడవదు. ఒక్కో వరసకు నిమిషాల తరబడి చూపు నిలబడాలి.

మూడు కళ్లజోళ్ల చిక్కు

కవరులోని మూడు కళ్లజోళ్లనూ లెన్సోమీటరులో పెట్టి కొలిచాను. కుడి కంటికి సిలిండర్ పవరు (నల్లగుడ్డు వంపులోని తేడాను సరిచేసేది) మొదటిదాంట్లో 1.50, రెండోదాంట్లో 0.50, మూడోదాంట్లో 1.25. ఏడాదిన్నరలో మూడు పవర్లు. షాపువాళ్లు తప్పు కొలిచారని ఆమె అనుకున్నారు. నిజానికి ముగ్గురూ తాము కొలిచిన నిమిషంలో సరిగ్గానే కొలిచి ఉంటారు.

మొదటిది గడ్డ ఉన్నప్పుడు చేసినది. పైరెప్పలో గట్టి గడ్డ ఉంటే నల్లగుడ్డును పైనుంచి అదిమి దాని వంపు మారుస్తుంది. గడ్డ పోతే ఆ వంపూ చాలావరకు పోతుంది. గడ్డ పోయింది గానీ, గడ్డకు సరిపోయే కళ్లజోడు మిగిలిపోయింది. దాన్నే పెట్టుకుని ఆమె ఐదు నెలలు లేసు అల్లారు. మిగతా రెండూ చిట్లిన పొర మీద కొలిచినవి. నేను ఆమె కుడి కంటి టోపోగ్రఫీ (నల్లగుడ్డు వంపు కొలిచే ఫొటో) పది నిమిషాల తేడాతో రెండుసార్లు తీయించాను. ఒకసారి 0.50, ఒకసారి 1.25. రెండోసారి ఆ ఫొటోలోని వలయాలు చెరువులో రాయి పడ్డట్టు చెదిరి ఉన్నాయి.

అందుకే ఆ రోజు నేను నాలుగో కళ్లజోడు రాయలేదు. ఆమె చిన్నబోయారు. కళ్ల డాక్టరు దగ్గరకు వచ్చి కళ్లజోడు లేకుండా వెళ్లడం ఆమెకు నచ్చలేదు. కారణం అరగంట చెప్పాను. మా ఊళ్ల ఓపీలో అరగంటంటే బయట ఇరవై మంది నిలబడి ఉండటం. అయినా ఆ అరగంట ఇవ్వకపోతే ఆమె ఇంకో షాపులో నాలుగో జోడు చేయించుకునేవారని నా గట్టి నమ్మకం.

మందుతో పాటు ఒక నోటు పుస్తకం పెట్టమన్నాను. మసక ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తున్నారు, ఫ్యాను ఎటువైపు ఉంది. ఆమె నాలుగో తరగతి చదివారు. రాతంతా పదో తరగతి చదివే కూతురు రాసింది. రెండు వారాల్లో మూడు విషయాలు తేలాయి. లేసు మొదలెట్టిన పావుగంట, ఇరవై నిమిషాలకు మసక. మధ్యాహ్నం టేబుల్ ఫ్యాను ఎదురుగా కూర్చుంటే ఇంకా ముందే. మూడోది నేను ఎదురుచూడనిది: పొద్దున్న లేవగానే, ఏ పనీ మొదలెట్టక ముందే, కుడి కన్ను ఒక్కటే పది నిమిషాలు మసక.

పొద్దుటి మసకకు రాత్రి జరిగేదే కారణం అయి ఉండాలి. కుడి నల్లగుడ్డు కింది మూడో వంతులో రంగు చుక్కలు చుక్కలుగా అంటడం నేను మొదటి రోజే చూశాను, ఆరుదల కింద జమ కట్టాను. కూతురిని రాత్రి అమ్మ పడుకున్నాక ఫోనులో వీడియో తీయమన్నాను. తీసింది. కుడి రెప్పల మధ్య సన్నగా తెల్లగుడ్డు మెరుస్తోంది. రెప్ప పూర్తిగా మూతపడటం లేదు, పైన సీలింగ్ ఫ్యాను. రాత్రంతా ఆ సందులోంచి కన్ను ఆరుతోంది.

వైద్యం

రెప్పలకు కాపడం అందరూ చెప్తారు, అందరూ చేస్తారు, ఎక్కువమందికి ఫలించదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. గ్రంథిలో గడ్డకట్టిన జిడ్డు కరగాలంటే రెప్ప దగ్గర సుమారు 40 డిగ్రీల వేడి ఎనిమిది, పది నిమిషాలు నిలవాలి. మంచి నూలు మేజోడులో బియ్యం పోసి మూతి కుట్టేయించాను. పొడి పెనం మీద వెచ్చచేసి, ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకుని, చురుక్కుమనకపోతేనే మూసిన కంటి మీద పెట్టాలి. తర్వాత పైరెప్పను పైనుంచి కిందికి, కిందిరెప్పను కింది నుంచి పైకి వేలితో మెల్లగా నిమరాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: వేడి తగిలిన కంటిని నలపకూడదు, నల్లగుడ్డు వంపు చెదురుతుంది. నిమరడం రెప్ప అంచుకే.

రెప్ప అంచులు రోజుకొకసారి లిడ్ వైప్‌తో శుభ్రం చేయడం, కాటుక మానడం, ప్రిజర్వేటివ్ లేని, నూనె కలిసిన చుక్కలు. రాత్రి కుడి కంటికి ఆయింట్‌మెంటు, పడుకునే చోటు ఫ్యాను కింద నుంచి పక్కకు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, ఆరు వారాలు. అది పురుగులను చంపడానికి కాదు, గ్రంథిలోని వాపును తగ్గించి జిడ్డు స్వభావాన్ని మార్చడానికి. గర్భం లేదని నిర్ధారించుకున్నాకే ఇచ్చాను. గ్లాసెడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోవద్దని, ఎండలో జాగ్రత్త అని చెప్పాను.

ఎవరో రాసిన చేపనూనె గుళికలు నెలకు ఎనిమిది వందలు పెట్టి వాడుతున్నారు. ఆపేశాను. 2018లో వచ్చిన డ్రీమ్ అనే పెద్ద పరిశోధనలో పొడికన్నుకు అవి ఆలివ్ నూనె గుళికల కంటే మెరుగ్గా పనిచేయలేదు. గోదావరి ఒడ్డున చేప ఎలాగూ కంచంలో ఉంటుంది.

అన్నిటికంటే కష్టమైంది రెప్ప వేయించడం. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు వేస్తాం. లేసు అల్లుతుంటే కూతురు లెక్కపెట్టింది: నాలుగు. అందులోనూ సగం సగమే మూత. "గుర్తుంచుకుని వేయండి" అంటే ఎవరికీ గుర్తుండదు. గొలుసు కుట్ల వరస ముగిసి పని తిప్పే చోట ఆమె చెయ్యి ఎలాగూ ఆగుతుంది. అక్కడ రెండుసార్లు నిండుగా కళ్లు మూసి, ఒక్క క్షణం ఉంచి, తెరవాలి. కుట్ల లెక్కలో రెప్పను కూడా కలిపాం. ఇది ఆమె సూచనే, నాది కాదు.

మూడో వారం వచ్చినప్పుడు ఏమీ మారలేదన్నారు. పొర చిట్లే సమయం 3 నుంచి 4 అయింది, అంతే. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. నేను కూడా లోపల తడబడ్డాను. మారిందొకటే, పొద్దుటి మసక పోయింది. దాన్ని పట్టుకుని ముందుకు నడిచాం. ఆరో వారానికి 6. మూడో నెలకు కుడి 7, ఎడమ 9. రెప్ప నొక్కితే పేస్టు పోయి మబ్బు నూనె. టోపోగ్రఫీ వారం తేడాతో రెండుసార్లు తీయిస్తే రెండుసార్లూ 0.50. అప్పుడు రాశాను కళ్లజోడు, దగ్గర చూపుకు మాత్రమే, చత్వారం 1.25 కలిపి. దూరం, దగ్గర ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు వద్దన్నాను. ఒళ్లో పని పెట్టుకుని గంటలు కూర్చునే మనిషికి విశాలంగా ఒకటే దూరం కావాలి.

ఇప్పటికి పదకొండు నెలలు. చూపు పూర్వంలా అయిందని చెప్పలేను. పోయిన గ్రంథులు తిరిగి మొలవవు, కుడి రెప్ప మధ్య భాగం ఖాళీ ఖాళీయే. మాఘంలో తెల్లవారుజామున పొడిగాలికి మళ్లీ పది రోజులు ఇబ్బంది పడ్డారు. బియ్యం మేజోడు వారం మానేస్తే ఎనిమిదో రోజుకు తెలిసిపోతుందట. సన్నదారం పని పొద్దున్న పదకొండు లోపు, మధ్యాహ్నం దళసరి దారం, దీపం పెట్టాక లేసు ముట్టరు. రోజుకు ఆరు గంటలు చేసే పని నాలుగు గంటలైంది. కుట్టు తప్పి విప్పేయడం తగ్గినందువల్ల వచ్చే డబ్బులో తేడా అంత లేదంటారు. గొలుసు విడిపించారు.

"ఇప్పుడు మసకొచ్చినా భయం లేదండి. ఎందుకొచ్చిందో తెలుసు కదండి," అన్నారు పోయినసారి. ఆ మాట నేను షీటులో అంకెల పక్కనే రాసుకున్నాను. ఆమె మొదటిసారి వచ్చినప్పటి నా చేతిరాత ఉన్న పేజీ దాని వెనకే ఉంది, తీసేయలేదు.

కూతురిని కూడా తీసుకొచ్చారు. సెలవుల్లో తనూ లేసు పడుతోంది. కుర్చీలో కూర్చోబెట్టి రెప్పలు నొక్కి చూశాను. ప్రతి ద్వారం నుంచీ తేట నూనె చుక్క.